రెండు శాంపిళ్ల నడుమ

మా ఇంట్లో ఒక గ్రామఫోను ప్లేటు ఉంది. కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో పుట్టి పెరిగినవాళ్లం ‘రికార్డు’ అన్న మాట చదివాం గాని నోటితో పెద్దగా అన్నది లేదు. మాకది ప్లేటే. పది అంగుళాల నల్లటి ప్లేటు, నిమిషానికి 78 చుట్లు తిరిగే రకం. కరుణశ్రీ గారి పుష్పవిలాపం, ఘంటసాల గారి గొంతు. పద్యం అందుకుని ఆయన మెల్లగా పైకి పోతూ ఉంటారు, మనమూ వెంట పోతూ ఉంటాం, అంతలో టక్కుమని ములుకు ఎగిరి నాలుగు చుట్లు అవతల పడుతుంది. అక్కణ్నుంచి మళ్లీ ఏమీ ఎరగనట్టు పాడుకుంటూ పోతుంది.

ఆ గీత పెట్టింది మా ఇంట్లో ఎవరూ కాదు. చాంపియన్ రీఫ్ గని.

గనుల ఊళ్లో బతకనివాళ్లకు ఇది కొంచెం చెప్పాలి. మా గనులు లోకంలోని లోతైన గనుల్లో చేరినవి, చాంపియన్ రీఫ్ అయితే మూడు కిలోమీటర్లు దాటి దిగింది. అంత లోతున రాయిని తొలిచి తీసేస్తూ పోతే, మిగిలిన రాయి మీద పైనున్న కొండంత బరువూ పడుతుంది. ఓర్చినన్నాళ్లు ఓర్చి ఒకరోజు ఫిరంగి పేలినట్టు పగులుతుంది. దాన్ని రాక్ బర్‌స్ట్ అంటారు. అది కింద మనుషుల్ని చంపేది. పైన కార్మికుల ఇళ్ల వరసల్లో, మేం లైన్లనేవాళ్లం, అలమరలో గిన్నెలు గలగలమనేవి, గోడకు తగిలించిన దేవుడి పటాలు ఊగేవి. ఆడవాళ్లు పొయ్యి మీదవి పొయ్యి మీదే వదిలి గుమ్మాల్లోకి వచ్చేవాళ్లు. ఎవరి మగవాళ్లు ఏ షిఫ్టులో ఉన్నారో వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాళ్లు. ఆ తర్వాత షాఫ్టు వైపు పరుగు.

ఆ రోజు నేను ప్లేటు వేసుకుని కూర్చున్నాను, ఏడెనిమిదేళ్లవాణ్ని. నేల అదిరింది. ములుకు బిగించిన సౌండ్ బాక్సు ఎగిరి పడింది. అవ్వ నన్ను రెక్క పట్టి బయటికి లాగింది, మా నాయిన కింద ఉన్నాడు. సాయంత్రానికి ఆయన పైకి వచ్చాడు. ఇంటికి వచ్చి చూస్తే గ్రామఫోను తాళం అయిపోయి తనంతట తానే ఆగి ఉంది. ప్లేటు సంగతి మాకు గుర్తొచ్చింది రెండు మూడు రోజుల తర్వాతే.

ఇప్పుడు బెంగళూరులో చదువుకున్న పిల్లలు మళ్లీ టర్న్‌టేబుళ్లు కొంటున్నారు. ఒక్కో ఎల్పీకి వేలు పోస్తున్నారు. ‘అనలాగ్ వెచ్చదనం’ అని ఒక మాట అంటున్నారు. వాళ్లలో ఒకరిద్దరు మా ఇంటికీ వచ్చారు, అటక మీద ఏమైనా ఉన్నాయా అని. డిజిటల్ కంటే ప్లేటే బాగా పలుకుతుంది కదండీ అని నన్ను సాక్ష్యం అడిగారు. నాకు ప్లేట్లంటే ప్రాణం. అయినా ఆ సాక్ష్యం నేను చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో ఈ నాలుగు మాటల్లో చెప్పుకుంటాను.

మా నాయినది గనిలో శాంపిలు తీసే పని. బంగారం రాతిలో తళతళ మెరుస్తూ ఉంటుందని సినిమాలు చూసి అనుకుంటారు గాని, మా రీఫులో బంగారం కంటికి కనపడటం అరుదు. తెల్లటి క్వార్ట్జ్ రాయి నరం మాదిరి పోతుంటుంది. ఆ నరానికి అడ్డంగా సుత్తీ ఉలీ పెట్టి కాలవ గీసినట్టు చెక్కాలి. రాలిన ముక్కలన్నీ సంచిలో పట్టాలి, నంబరు బిళ్ల వేయాలి. మళ్లీ కొన్ని అడుగులు జరిగి ఇంకొకటి. ఆ సంచులు పైకి అస్సే ఆఫీసుకు పోతాయి. అక్కడ పొడి చేసి, సీసంతో కలిపి కొలిమిలో కరిగించి, చివరికి మిగిలిన ఆవగింజంత బంగారాన్ని త్రాసులో తూచి, ఈ రాయి టన్నుకు ఇంత ఇస్తుందని తేలుస్తారు. తవ్వాలా వద్దా అన్నది ఆ లెక్కే నిర్ణయించేది.

సీడీలు 1982లో బజారుకు వచ్చాయి. మా ఊరికి రావడానికి ఇంకో పదేళ్లు పైగా పట్టింది. అప్పటికి నాయిన రిటైరై ఇంట్లో ఉన్నారు. ఇదెట్ల పాడుతుందిరా అని అడిగితే, నేను పుస్తకంలో చదివింది చెప్పాను. సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలుస్తారు. ఒక్కో కొలతనూ 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు మీద పెట్టి అంకెగా రాసుకుంటారు. ఆ అంకెల్ని వెనక్కి తిప్పితే పాట. ఆ కొలతకు పేరేమిటో చెప్పమంటారా? శాంపిలు.

నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, “అయితే రెండు శాంపిళ్ల నడుమ ఏముందో ఎవురికి తెలుసురా?”

ఆ ప్రశ్న ముప్పై ఏళ్లు రాయిని చెక్కిన చేతిలోంచి వచ్చింది. ఇక్కడో శాంపిలు, అక్కడో శాంపిలు, రెండూ పేద రాయి అని వస్తాయి. ఆ తావు వదిలేస్తారు. పదేళ్ల తర్వాత ఇంకెవరో తవ్వితే రెండింటి నడుమ బంగారం. ఇట్లాంటివి ఆయన కళ్లారా చూశారు. ఇప్పుడు టర్న్‌టేబుల్ అభిమానులు పెద్ద పెద్ద మాటలతో వేసే ఆక్షేపణ కూడా ఇదే. ములుకు తెగకుండా గీత వెంట పోతుంది, డిజిటల్ ముక్కలు ముక్కలుగా ఏరుకుంటుంది, నడుమ ఉన్నది రాలిపోతుంది అని.

నేను ఆయనకు జవాబు చెప్పడానికి చాలా ఏళ్లు పట్టింది. జవాబేమిటంటే, శబ్దం బంగారం కాదు. బంగారానికి నియమం లేదు, రాతిలో ఎక్కడైనా ఉండొచ్చు, ఎక్కడైనా మాయం కావొచ్చు. శబ్దానికి అంత స్వేచ్ఛ లేదు. మనిషి చెవికి అందే అతి సన్నని స్వరం సెకనుకు 20,000 సార్లు కంపిస్తుంది. అదీ చిన్న పిల్లల చెవులకు. నా వయసువాళ్లకు అందులో సగం అందితే గొప్ప. అంతకు మించిన కంపనాల్ని ముందే వడగట్టి, దానికి రెండింతలకు పైగా కొలతలు తీసుకుంటే, ఆ కొలతలన్నిటినీ తాకుతూ పోగల అల ఒక్కటే ఉంటుంది. ఇంకో దారిలో పోయే వీలే దానికి లేదు. 1928లో నైక్విస్ట్, 1949లో షానన్ ఈ సంగతి కాగితం మీద తేల్చేశారు. సీడీలోంచి బయటికి వచ్చేది మెట్లు మెట్లుగా ఉండే శబ్దమన్నది అపోహ, వచ్చేది నున్నటి అలే. రెండు శాంపిళ్ల నడుమ దాగినది ఏమీ లేదు నాయినా, అని చెప్పాను. ఆయన తల ఊపారు. నమ్మి ఊపారో, కొడుకు ఇంత చదివాడు పాపం అని ఊపారో తెలియదు.

ఫోన్లలో పాటల్ని కుదించి చిన్న ఫైళ్లు చేసేది వేరే వ్యవహారం. అక్కడ చెవి పట్టించుకోదనుకున్నవి నిజంగానే తీసేస్తారు, మరీ కుదిస్తే వినపడే తేడా వస్తుంది. ఈమధ్య పాటల్ని మొదటినుంచి చివరిదాకా ఒకే గట్టితనంతో అరిపించే పద్ధతి కూడా వచ్చింది. ఎల్పీ మీద అట్లా అరిపిస్తే ములుకు గాడిలో నిలవదు, కాబట్టి ఎల్పీ కోసం చేసిన మిక్సింగు ఒక్కోసారి నెమ్మదిగా, వినసొంపుగా ఉంటుంది. ఆ మంచితనం ప్లేటుది కాదు, ప్లేటుకు భయపడిన ఇంజనీరుది.

ప్లేటు లోపాలు ప్లేటుకు ఉన్నాయి. సీడీలో అతి మెల్లని శబ్దానికీ అతి గట్టి శబ్దానికీ నడుమ 96 డెసిబెళ్ల ఎడం ఉంటుంది. మంచి ఎల్పీ కూడా 70 దాటడం కష్టం. ఇంకొకటి, ఎల్పీ బయటి అంచున ములుకు కింద సెకనుకు అర మీటరు గాడి పోతుంది. లోపలికి వచ్చే కొద్దీ చుట్టు చిన్నదై, చివరి పాట దగ్గర అందులో సగం కూడా ఉండదు. అంత ఇరుకులో అంత పాటనూ కుక్కాలి. అందుకే ప్రతి వైపూ చివరి పాటలో ‘స’కారాలు కాస్త చీరుకుపోతాయి. ఆ చివరి చోటు ఏ పాటకు దక్కుతుందో అది దాని రాత.

ఇంత చెప్పి, మరి ప్రాణమెందుకయ్యా అంటారు.

అది చెప్పాలంటే ముందు కరెంటు సంగతి చెప్పాలి. మా ఊరికి కరెంటు 1902లోనే వచ్చింది. కావేరి మీద శివనసముద్రంలో పుట్టి దాదాపు 150 కిలోమీటర్లు తీగల మీద నడిచి వచ్చింది. బెంగళూరు వీధుల్లో దీపాలు వెలగడానికి ముందే మా గనుల్లో యంత్రాలు తిరిగాయి. దేశమంతా చెప్పుకునే గొప్ప ఇది. కానీ ఆ కరెంటు వచ్చింది బంగారం కోసం. కార్మికుల తడికల ఇళ్ల కోసం కాదు. దొరల బంగళాల్లో ఫ్యాన్లు తిరుగుతున్న రోజుల్లో మా లైన్లలో కిరసనాయిలు బుడ్లే. అందుకే తాళం తిప్పి పాడించుకునే పెట్టె మాకు అంత అపురూపమైంది. కరెంటు అడగదు, చేతి సత్తువ చాలు.

మా తాత పలమనేరు వైపు నుంచి వచ్చి గనిలో చేరాడు. ఆ పెట్టె ఆయన కొన్నదే, ఎవరి దగ్గరో పాతది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు. మా లైన్లో పక్కింట్లో త్యాగరాజ భాగవతార్ తమిళ పాటలు, మా ఇంట్లో తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ పద్యాలు, ఆంగ్లో ఇండియన్ల ఇళ్ల వైపు పోతే డ్యాన్సు పాటలు. వీధి పొడుగునా నడిస్తే అన్నీ కలిసి వినపడేవి.

ఒక వైపుకు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. అంతలో కీర్తన ముగియాలి, పద్యమూ రాగమూ తెమలాలి. ప్రతి మూడు నిమిషాలకూ ఎవరో ఒకరు లేవాలి. ప్లేటు తిప్పాలి, తాళం తిప్పాలి, ములుకు మార్చాలి. ఒక్కో ములుకు ఒక్కో వైపుకే అని డబ్బీ మీద ఉండేది. ఎవరు పాటించారు? అవ్వ ములుకుల్ని చీపురు పుల్లల మాదిరి పొదుపు చేసేది. అరిగిన ములుకును నీళ్లు చల్లి సానరాయి మీద నూరి మళ్లీ పెట్టేవాళ్లం. అదీ లేకపోతే తుమ్మముల్లు. తుమ్మముల్లుతో పాట దూరంగా, బావిలోంచి వచ్చినట్టు వినపడేది. మా ప్లేట్లు అంత త్వరగా అరిగిపోవడానికి ఎవరినీ తప్పుపట్టే పని లేదు, తప్పంతా మా సానరాయిదే.

ఆ పాత 78 ప్లేటు దేనితో చేస్తారో పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. లక్క పురుగు చెట్ల కొమ్మల మీద పెట్టే లక్క, అందులో మసి, అందులో మెత్తగా నూరిన రాతిపొడి. రాతిపొడి ఊరికే బరువుకోసం కాదు. ఉక్కు ములుకు గాడిలో పడగానే మొదటి కొన్ని చుట్లలో ఆ రాయి దాన్ని ఒరిపిడి పెట్టి, గాడికి సరిపోయేటట్టు అరగదీస్తుంది. అందుకే ఏ 78 ప్లేటైనా పాట మొదలవకముందే సర్ర్‌మని ఒక గరగర. అది రాయి చప్పుడు.

మా తాత ఊపిరి కూడా అట్లాగే వినపడేది. ముప్పై ఏళ్లు గనిలో డ్రిల్లు పట్టినవాడు. క్వార్ట్జ్ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడింది. దాన్ని సిలికోసిస్ అంటారని కార్డు మీద రాసి ఇచ్చారు. రాత్రిళ్లు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేవాడు. నన్ను ప్లేటు పెట్టమనేవాడు. చీకట్లో ప్లేటు గరగర, తాత గరగర. పాట మొదలయ్యేదాకా ఏది ఏదో తెలిసేది కాదు. పాట మొదలయ్యాక తాతది వినపడేది కాదు. బహుశా అందుకే పెట్టమనేవాడేమో.

పాడైన ప్లేట్లను శుభ్రం చేసి డిజిటల్‌లోకి ఎక్కించేటప్పుడు మొట్టమొదట తీసేసేది ఆ గరగరనే. తీసెయ్యాలి కూడా. పాట వినాలనుకునేవాడికి రాతిపొడితో ఏం పని?

దుమ్ము సంగతి ఇక్కడ ఆపుతాను. పల్లెల్లో ప్లేటు అంటే గొట్టం మైకే. బేతమంగళం, ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు ఊళ్లలో జాతరకో పెండ్లికో మైకుసెట్టు వచ్చిందంటే పిల్లలమంతా దాని చుట్టే. చింతచెట్టు చిటారు కొమ్మకు హారను కట్టేవాళ్లు, పక్క ఊరికి కూడా వినపడాలని. ఆ ఊళ్లలో ఇంటి భాష తెలుగు, నాటకాలంటే పిచ్చి. కొత్తగా వేషం కట్టేవాళ్లకు ప్లేటే గురువు. “ఆ ఎత్తుగడ ఇంకొక్కసారి పెట్టప్పా” అనేవాళ్లు మైకుసెట్టు ఆయన్ను. ఆయన ములుకు ఎత్తి, ప్లేటును దీపం వెలుగులో వాల్చి చూసి, సరిగ్గా ఆ చోటే దించేవాడు. మంత్రం కాదు. గట్టిగా పాడిన చోట గాడి ఎక్కువ వంకర తిరుగుతుంది, అక్కడ వెలుగు వేరేగా మెరుస్తుంది. రాగం ఎక్కడ లేచిందో కంటితో చూడొచ్చు. ఫోన్లో వేలితో జరపడం తేలికే. కానీ పాటను కళ్లతో చదివే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ములుకుతో గీత గీసి కదలికను దాచుకోవడం మా ఊరికి ఇంకోవిధంగానూ తెలుసు. రాక్ బర్‌స్టులను పట్టుకోవడానికి చాలా పాతకాలంలోనే గనులవాళ్లు ఇక్కడ భూకంపాలు కొలిచే యంత్రం పెట్టారు. మసి పూసిన కాగితం మీద సన్నటి ములుకు ఒకటి గీస్తూ పోయే రకం. భూమి కదిలితే గీత వంకర పోతుంది. గ్రామఫోనుకు తాతముత్తాత లాంటి యంత్రం కూడా, 1857లో ఫ్రాన్సులో స్కాట్ చేసినది, మసి కాగితం మీద గొంతును గీసుకున్నదే. అది గీసుకుంది గాని తిరిగి పాడలేకపోయింది. మా గని గీతను ఎవరూ తిరిగి పాడించలేదు, మా ఇంటి పుష్పవిలాపంలో తప్ప.

లైన్లలోకి కరెంటు వచ్చాక, నాయిన బోనసు డబ్బుతో హెచ్‌ఎంవీ ఫియెస్టా కొన్నారు. అటాచీ కేసు మాదిరి మూత ఉండే ప్లేయరు. అప్పుడొచ్చాయి ఎల్పీలు, రాతిపొడి లేని వినైల్‌వి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ సుప్రభాతం లేచి తిప్పే పని లేకుండా ఒకే వైపున పూర్తిగా వినడం మాకు మొదటిసారి. మూడు నిమిషాలకొకసారి లేచే అలవాటున్న అవ్వ మధ్యలో రెండుసార్లు లేచి మళ్లీ కూర్చుంది. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరిలో పోయాక ఆయన భగవద్గీత ఎల్పీ వచ్చింది. నాయినకు అదంటే పిచ్చి. కానీ పొద్దున్నే పెట్టనిచ్చేది కాదు అవ్వ. వీధంతా వచ్చి ‘ఎవురు పోయినారు’ అని అడుగుతారని. అంత గొప్ప గానం చివరికి చావు ఇంటి గుర్తుగా మిగలడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

2000లో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా తన పేరులోంచి గ్రామఫోనును తీసేసి సరిగమ అయ్యింది. 2001 ఫిబ్రవరి 28న మా గనులు మూతపడ్డాయి. సైరను ఆగిపోయింది. ఇళ్లలో సామాను అమ్ముకున్నవాళ్లు ప్లేట్లను కిలోల లెక్కన పాత సామాన్ల బండికి వేశారు. కొన్ని బెంగళూరు ఆదివారం సంతలో తేలాయని విన్నాను. ఇప్పుడు వేలు పెట్టి కొంటున్న పిల్లల చేతుల్లో అవి ఉన్నా ఉండొచ్చు.

మా అబ్బాయి తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోతాడు, రాత్రికి వస్తాడు. మా ఊళ్లో వేలమంది బతుకు అదే ఇప్పుడు. వాడి చెవుల్లో ఘంటసాల, సాలూరి, ఇళయరాజా, అందరూ జేబులో పట్టే పెట్టెలోంచే. నిలబడటానికి చోటు లేని బోగీలో ఏ ఫియెస్టా పాడుతుంది? డిజిటల్ వాడికిచ్చింది తక్కువేం కాదు. నా ఈ గొంతు కూడా మీకు శాంపిళ్లుగానే చేరుతోంది, స్టూడియోలో కంప్యూటరులోకే మాట్లాడుతున్నాను.

ఇంట్లో ప్లేట్లున్నవాళ్లకు ఒకటి రెండు మాటలు. నిలబెట్టి ఉంచండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి, ఎండ తగలనివ్వకండి. 78 ప్లేటుకు ఎల్పీ ములుకు పెట్టకండి, ఆ గాడి వెడల్పుది, దానికి లావు ములుకు వేరే ఉంటుంది. ముఖ్యంగా, స్పిరిటుతో తుడవకండి. ఇది నేను డబ్బిచ్చి నేర్చుకున్న పాఠం. ఒక ప్లేటును మెరిపిద్దామని సర్జికల్ స్పిరిటు దూదితో తుడిచాను. దూది నల్లబడింది, మురికి పోతోందని సంతోషపడ్డాను, ఇంకా తుడిచాను. పోయింది మురికి కాదు, పద్యం. వడ్రంగులు లక్కను స్పిరిటులోనే కరిగించి కుర్చీలకు పాలిష్ పెడతారని అప్పటిదాకా నాకెందుకు తట్టలేదో. వినైల్‌కు ఆ ప్రమాదం లేదు గాని, లక్క ప్లేటుకు సబ్బు చుక్క వేసిన చల్లటి నీళ్లు చాలు, నడుమ కాగితం తడవకుండా.

పోయిన సంక్రాంతికి మా అబ్బాయి పుష్పవిలాపాన్ని కంప్యూటరులోకి ఎక్కించాడు. తెర మీద పాటంతా పచ్చటి గీతగా కనపడింది, ఒక్కచోట సూదిలా పైకి లేచింది. “ఇదేనా నాయినా ఆ రోజుది?” అన్నాడు. ఇదే అన్నాను. నాలుగు చుట్లంటే మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లనూ ఇంటర్నెట్‌లో ఉన్న మంచి కాపీలోంచి తెచ్చి అతికాడు. కళ్లు మూసుకుని రెండుసార్లు విన్నాను. అతుకు ఎక్కడుందో నా చెవికి దొరకలేదు. అతికినది వాడి ఫోన్లో ఉంది, రైల్లో వింటాడు. టక్కుమనేది నా దగ్గరుంది.